పిలిస్తే ఆలోచించి వచ్చే కుక్కకు ట్రైనింగ్ ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హస్కీ, షీబా ఇనూ, బసెంజీ, అకీటా, చౌ చౌ, అఫ్గాన్ హౌండ్, బీగిల్ లాంటి జాతులను పెంచుకుంటున్నవాళ్లు, తెచ్చుకుందామనుకుంటున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ల్యాబ్రడార్‌కో, జర్మన్ షెపర్డ్‌కో ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం ఉన్నవాళ్లే వీటి దగ్గర ఎక్కువ టెన్షన్ పడుతుంటారు. వాళ్లకు వచ్చిన పద్ధతిలో పెద్ద తప్పేమీ ఉండదు. ఈ కుక్కలు పుట్టిన పని వేరు, అంతే.

మా కుక్కకు నేను చెప్పేది అర్థమవుతుంది. అయినా చెయ్యదు. ఇది మొండితనం కాదా?

మనకు అలా కనిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆ జాతి ఏ పని కోసం తయారైందో చూడండి. గొర్రెలను తోలే కుక్క కాపరి ఈలకు తగ్గట్టు కదలాలి. కొట్టిన పక్షిని తెచ్చే కుక్క వేటగాడి చెయ్యి వైపు చూస్తూ ఉండాలి. తరతరాలుగా మనిషి మాట వినే పిల్లల్నే ఎంచి పెంచారు కాబట్టి ఆ జాతులకు మన ముఖం చూడటం సహజంగా వస్తుంది.

హస్కీ సంగతి అలా కాదు. ఈశాన్య సైబీరియాలో చుక్చీ జనం దాన్ని మంచుబండి లాగడానికి పెంచారు. ముందు నడిచే కుక్కకు కాళ్ల కింద మంచు పలచబడిందని అనిపిస్తే, వెనక నుంచి "పద" అని ఎంత అరిచినా ఆగిపోవాలి. లేకపోతే బండీ మనిషీ అందరూ నీళ్లలోకే. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు చేరవేసినప్పుడు, చివరి మజిలీల్లో బండి నడిపిన గున్నార్ కాసెన్‌కు మంచు తుఫానులో తన కుక్కలే సరిగా కనిపించలేదు. దారి పట్టుకున్నది ముందున్న బాల్టో. మధ్య ఆఫ్రికా అడవుల్లో బసెంజీ వేటగాళ్లకంటే ముందు పరిగెత్తి జంతువును వలలోకి తరిమేది. రాత్రంతా మందను కాసే పిరనీస్, కంగల్ లాంటి కాపలా కుక్కల పక్కన చాలాసార్లు మనిషే ఉండడు.

ఈ పనులన్నిటికీ సొంతంగా నిర్ణయం తీసుకునే కుక్కే కావాలి. మీ ఇంట్లో "కమ్" అన్నప్పుడు తల తిప్పి, ఒక క్షణం ఆలోచించి, మళ్లీ చెట్టు వాసన చూసే కుక్క కూడా ఆ పనే చేస్తోంది. దాని లెక్క మార్చడమే ట్రైనింగ్.

ఈ జాతులకు తెలివి తక్కువ అని ఒక ర్యాంకుల పట్టికలో చూశాం. నిజమేనా?

1994లో వచ్చిన ఆ పట్టికలో 79 స్థానాలుంటాయి. అఫ్గాన్ హౌండ్ ఆఖరున, బసెంజీ దాని ముందు, చౌ చౌ కూడా ఆ దగ్గర్లోనే. ఒబీడియెన్స్ (కమాండ్లు పాటించే) పోటీల జడ్జిలను అడిగి ఆ పట్టిక తయారుచేశారు. కొత్త కమాండ్ ఎన్నిసార్లు చెబితే వస్తుంది, మొదటిసారి చెప్పగానే ఎన్నిసార్లు చేస్తుంది అన్నవే అందులో ముఖ్యమైన కొలతలు. అంటే అది కొలిచింది మాట వినడాన్ని. గడియ తీసుకుని బయటికెళ్లే హస్కీని, కంచె ఎక్కి దూకే బసెంజీని చూసినవాళ్లెవరూ వాటికి తెలివి లేదనరు.

మా కుక్క నా ముఖం వైపే చూడదు. ప్రేమ లేదా?

ప్రేమకూ దీనికీ సంబంధం లేదు. కుక్కలు చెయ్యలేని పని ఎదురైతే సాయం కోసం మనిషి వైపు చూస్తాయని, మనుషుల మధ్య పెరిగిన తోడేళ్లు కూడా అలా చూడటం చాలా తక్కువని 2003లో హంగరీ పరిశోధకులు చూపించారు. ఇక 2004లో 85 జాతుల జన్యువులను పోల్చినప్పుడు షీబా, అకీటా, చౌ చౌ, బసెంజీ, హస్కీ, అఫ్గాన్ హౌండ్ లాంటివి తోడేలుకు దగ్గరగా ఒక గుంపులో పడ్డాయి. మీది ఈ గుంపులోని జాతి అయితే, సమస్య వచ్చినప్పుడు మిమ్మల్ని అడగకుండా తనే తేల్చుకోవాలనుకోవడంలో వింతేమీ లేదు.

కానీ చూసే అలవాటు నేర్పొచ్చు, మొదట నేర్పాల్సిందీ అదే. రోజులో ఎప్పుడైనా సరే, మీరు పిలవకుండా అది మీ వైపు చూస్తే "గుడ్" అని ఒక ట్రీట్ ముక్క ఇవ్వండి. ఇంట్లో, గుమ్మం దగ్గర, నడకలో, ఎక్కడైనా. కొన్ని వారాలకు తనంతట తనే వెనక్కి తిరిగి మిమ్మల్ని చూడటం మొదలవుతుంది. మిగతా కమాండ్లన్నీ ఆ చూపు మీదే నిలబడతాయి. అందుకే "సిట్" కంటే ముందు దీన్ని నేర్పమంటాను.

ఇలాంటి కుక్కకు "ఇంట్లో బాస్ నేనే" అని ముందే చూపించాలంటారు. నేల మీద వెల్లకిలా నొక్కి పట్టమన్నారు.

దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ "ఆల్ఫా" (మందకు బాస్) మాట చాలావరకు 1947లో పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించిన తోడేళ్లను చూసి రాసినదాని నుంచి వచ్చింది. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒకే చోట మూసిపెడితే కొట్లాడుకున్నాయి. ఆ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్, తర్వాత ఏళ్ల తరబడి అడవిలో తోడేళ్లను గమనించి, 1999లో తన అభిప్రాయం మార్చుకుని రాశారు: మంద అంటే మామూలుగా ఒక కుటుంబం, ముందుండి నడిపేది తల్లీతండ్రీ.

పైగా షీబానో అకీటానో బలవంతంగా నొక్కితే అది లొంగదు, భయపడుతుంది. భయపడిన కుక్క మొదట తప్పించుకుంటుంది, తర్వాత గుర్రుమంటుంది, ఆ తర్వాత కరుస్తుంది. ఈ జాతుల్లో ఒకసారి పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

ఇంటికి నియమాలు ఉండొద్దని కాదు. తలుపు తీసేముందు ఆగడం, భోజనం గిన్నె కింద పెట్టేవరకు కూర్చోవడం, సోఫా ఎక్కొచ్చా లేదా... ఏది పెట్టుకున్నా ఇంట్లో అందరూ ఒకేలా పాటించాలి. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు తిడితే, ఎవరి దగ్గర ఏది నడుస్తుందో ఈ కుక్కలు చాలా తొందరగా కనిపెట్టేస్తాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంటికి వచ్చిన రోజు నుంచే. 3 వారాల నుంచి 12, 14 వారాల మధ్య కుక్కపిల్ల ఏది చూస్తే దాన్ని మామూలు విషయంగా తీసుకుంటుంది. టీకాలు పూర్తవలేదని ఆ కాలమంతా ఇంట్లోనే ఉంచేస్తే నష్టపోతారు. వెట్ డాక్టర్‌ని అడిగి, నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. వాహనాల చప్పుడు, గొడుగులు, టోపీలు, పిల్లల అరుపులు దూరం నుంచి చూపించండి. కొత్తవాళ్లతో దూరంగా మెలిగే షీబా, అకీటా, చౌ చౌ లాంటి జాతులకు ఇది మరీ ముఖ్యం. బలవంతంగా ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, తనంతట తను దగ్గరికి వెళ్లనివ్వండి.

ట్రీట్ చేతిలో ఉంటేనే చేస్తోంది. లంచం అలవాటు చేసినట్టే కదా?

పని ముందు చూపిస్తే లంచం, పని అయ్యాక ఇస్తే జీతం. తేడా అంతా ఆ క్రమంలోనే ఉంది. ట్రీట్ ముందే చేతిలో ఆడిస్తే, కుక్క దాన్ని చూసి లెక్క వేసుకుంటుంది: ఆ ముక్క ఎక్కువా, ఎదురింటి పిల్లి ఎక్కువా అని. అందుకే ట్రీట్ జేబులోనో, పక్క టేబుల్ మీదో ఉంచండి. కమాండ్ చెప్పండి, చేసిన క్షణంలోనే "యెస్" అనండి లేదా క్లికర్ (నొక్కితే "టిక్" మనే చిన్న పరికరం) నొక్కండి, తర్వాత ట్రీట్ తియ్యండి. బాగా వచ్చాక ఒకసారి ఇచ్చి ఒకసారి మానండి, ఎప్పుడు వస్తుందో దానికి తెలియకుండా. అయితే కష్టమైన పని చేసినప్పుడు మాత్రం పిసినారితనం చూపించొద్దు.

ట్రీట్లు రోజు తిండిలో పదో వంతు మించకుండా చూసుకోండి. చిటికెన వేలి గోరంత ముక్క చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) ఉన్న పదార్థాలు కుక్కలకు విషం. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలియాలి.

మాది ట్రీట్లే ముట్టదు. ఇక ఏం ఇవ్వాలి?

దానికి నిజంగా ఏం కావాలో చూడండి, అదే బహుమతి. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడొచ్చని మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లోనే చెప్పారు. ఈ జాతులకు ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు తెలియదు. బీగిల్ పొద వైపు లాగుతోందా? "సిట్" అనండి, కూర్చోగానే "వెళ్లు, చూసుకో" అని పొద దగ్గరికి వదలండి. హస్కీకి పరుగు, అఫ్గాన్ హౌండ్‌కు కదిలే బొమ్మ వెంట పడటం, కొన్నిటికి తలుపు తెరుచుకోవడమే పండగ. అడ్డు అనుకున్నదే జీతంగా మారితే కుక్కకు మీ మీద ఆసక్తి పుడుతుంది. తనకు కావాల్సినవన్నీ మీ ద్వారానే వస్తున్నాయని దానికి అర్థమవుతుంది.

ఇంట్లో ట్రీట్ తిని బయట ముట్టకపోతే మాత్రం అది రుచి సమస్య కాకపోవచ్చు. భయంలో ఉన్న కుక్క, మరీ ఉద్రేకంలో ఉన్న కుక్క తినలేవు. అక్కడి నుంచి కాస్త దూరం తీసుకెళ్లి మళ్లీ ఇచ్చి చూడండి.

పిలిస్తే రాదు. అన్నిటికంటే ఇదే పెద్ద సమస్య.

ఈ జాతుల దగ్గర ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు, ఇప్పటిదాకా వాడిన మాట పాడైపోయి ఉండొచ్చు. "కమ్" అని పదిసార్లు అరిచి, వచ్చాక బెల్టు పట్టుకుని ఇంటికి లాక్కెళ్లడం, స్నానానికి పిలవడం, ఆలస్యంగా వచ్చిందని తిట్టడం... ఇవన్నీ జరిగాక ఆ మాట వినగానే కుక్కకు "సరదా అయిపోయింది" అని అర్థమవుతుంది. అలాంటప్పుడు కొత్త మాట తీసుకోండి. ఇంట్లో ఎవరూ ఊరికే వాడనిదై ఉండాలి.

ఆ మాట మొదట ఇంట్లో, కుక్క మీ పక్కనే ఉన్నప్పుడు చెప్పండి. చెప్పిన వెంటనే దానికి అన్నిటికంటే ఇష్టమైనది ఇవ్వండి. ఉడికించిన చికెన్ ముక్కలు రెండు మూడు వరసగా పెట్టొచ్చు. కొన్ని రోజులు ఇంతే. అది మాట వినగానే మెడ విసురుగా తిప్పడం మొదలుపెట్టాక, ఇంకో గదిలోంచి పిలవండి. తర్వాత కంచె ఉన్న ఆవరణలో. ఆ తర్వాతే బయట, 5 నుంచి 10 మీటర్ల పొడవైన తాడుతో. తాడును మెడ బెల్టుకు కట్టొద్దు, పరుగులో ఒక్కసారిగా ఆగితే మెడ దెబ్బతింటుంది. హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) కట్టండి, చేతికి చుట్టుకోకండి.

ఒక్కసారే పిలవండి. రాకపోతే మళ్లీ మళ్లీ అరవకుండా, తాడును మెల్లగా మడిచి పట్టుకుంటూ దగ్గరికి వెళ్లి, తర్వాతిసారి ఇంకా సులభమైన చోట పిలవండి. రాదని మీకే అనిపిస్తున్నప్పుడు అసలు పిలవకండి. ప్రతి "పిలిచినా రాలేదు" దానికి ఒక పాఠమే.

వచ్చిన తర్వాత ఎక్కువసార్లు మళ్లీ వదిలెయ్యండి. ఇది చాలామంది మర్చిపోయే మెట్టు. వచ్చింది, ట్రీట్ తింది, "పో, ఆడుకో" అన్నారు. ఇలా జరిగే కొద్దీ దగ్గరికి రావడం వల్ల నష్టమేమీ లేదని కుక్కకు నమ్మకం కుదురుతుంది. సొంత లెక్క వేసుకునే కుక్కను ఒప్పించేది ఆ నమ్మకమే.

తప్పించుకుని పరిగెడుతుంటే వెంటపడకండి, అది ఆట అనుకుంటుంది, మీకంటే వేగంగా పరిగెడుతుంది కూడా. వ్యతిరేక దిశలో పరిగెత్తండి, లేదా పక్కకు తిరిగి కింద కూర్చుని నేల మీద ఏదో దొరికినట్టు చెయ్యండి. చాలా కుక్కలు ఏమిటా అని వస్తాయి. వచ్చినప్పుడు ఎంత కోపంగా ఉన్నా మెచ్చుకోండి.

ఇదంతా చేశాక ఎప్పటికైనా లీష్ లేకుండా వదలొచ్చా?

కంచె ఉన్న చోట వదలండి. రోడ్డు పక్కన, తెరిచి ఉన్న మైదానంలో, హస్కీ, షీబా, బసెంజీ, అఫ్గాన్ హౌండ్, బీగిల్ విషయంలో నా సలహా "వద్దు" అనే. కుందేలో పిల్లో కదిలిన ఆ క్షణంలో ఎంత ట్రైనింగ్ ఇచ్చినా వేట బుద్ధే గెలవొచ్చు, వాహనం గుద్దడానికి ఆ ఒక్క క్షణం చాలు. పొడవైన తాడుతో దానికి కావాల్సినంత స్వేచ్ఛ దొరుకుతుంది. దీన్ని ఓటమిగా తీసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తాడు కట్టి, ప్రాణంతో, రోజూ హాయిగా తిరిగే కుక్క బాగా పెరిగిన కుక్కే.

రోజుకు ఎంతసేపు నేర్పాలి?

మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఒకే పని పదిసార్లు చేయిస్తే బోర్డర్ కాలీ పదకొండోసారికీ సిద్ధంగా ఉంటుంది. షీబా నాలుగోసారికే లేచి వెళ్లిపోతుంది. అది వెళ్లకముందే మీరు ఆపెయ్యండి.

ఇంట్లో అన్నీ చేస్తుంది, బయట ఒక్కటీ చెయ్యదు.

వంటగదిలో నేర్చుకున్న "సిట్" కుక్కకు వంటగది సంగతే. చోటు మారితే మళ్లీ కొత్త పాఠం. అన్ని జాతులకూ ఇది ఉంటుంది. హాలు, మెట్లు, గేటు, ఖాళీ వీధి, రద్దీ వీధి అని ఒక్కో చోట మొదటి నుంచి నేర్పండి, ప్రతిచోటా ముందు సులభంగా.

లీష్ విపరీతంగా లాగుతోంది.

హస్కీకి లాగడమే కులవృత్తి. లాగితే ముందుకు వెళ్లగలుగుతున్నంత కాలం మానదు. తాడు బిగిసిన క్షణం ఆగండి, వదులైన క్షణం నడవండి. మొదటి రోజుల్లో ఇంటి ముందు నుంచి కదలకపోయినా ఫర్వాలేదు. ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ కొంత సాయపడుతుంది. వీలుంటే లాగడానికి వేరే సమయం, వేరే హార్నెస్ పెట్టండి: పెద్దయ్యాక మీతో పరుగు, చల్లటి వేళల్లో చిన్న బరువు లాగడం. ఏ హార్నెస్ వేస్తే ఏ పనో అది త్వరగానే పట్టేస్తుంది.

8 నెలలు వచ్చేసరికి నేర్చుకున్నదంతా మర్చిపోయింది. ఏం జరిగింది?

యవ్వనం వచ్చింది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, బ్రిటన్‌లో గైడ్ డాగ్స్‌గా (చూపు లేనివాళ్లకు దారి చూపడానికి) పెంచుతున్న కుక్కలను పరీక్షించారు. 5 నెలలప్పటి కంటే 8 నెలలప్పుడు, తమను పెంచుతున్నవాళ్లు చెబితే "సిట్" చెయ్యడం తగ్గింది. చిత్రమేమిటంటే కొత్తవాళ్లు చెబితే మాత్రం తగ్గలేదు. అవి ఎక్కువగా మాట వినే జాతులే. వాటికే అలా ఉంటే మీ షీబాను ఏమనగలం? ఈ దశ దాటిపోతుంది. ఆ నెలల్లో కొత్తవి నేర్పడం తగ్గించి, వచ్చినవాటికి బహుమతి పెంచండి, పొడవైన తాడు మళ్లీ బయటికి తియ్యండి. ఎక్కువమంది విసిగిపోయి కుక్కను ఎవరికో ఇచ్చేసేది కూడా ఈ వయసులోనే. కొన్ని నెలలు ఓపిక పట్టమని బతిమాలి చెబుతున్నాను.

షాక్ కాలర్ (మెడకు కట్టి చిన్న కరెంటు షాక్ ఇచ్చే బెల్టు) వాడితే త్వరగా వస్తుందని ఒక ట్రైనర్ చెప్పారు.

2020లో వచ్చిన అధ్యయనంలో బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పిలిస్తే రాకపోవడం లాంటి సమస్యలున్న 63 కుక్కల మీద ఇదే పోల్చి చూసింది. బహుమతితో నేర్చుకున్నవి షాక్ కాలర్ కుక్కల కంటే వెనకబడలేదు, పైగా మొదటి పిలుపుకే స్పందించడంలో మెరుగ్గా ఉన్నాయి. వేల్స్ 2010లోనే ఆ కాలర్లను నిషేధించింది. ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి తగిలినప్పుడు కుక్క ఏది చూస్తోందో దానికి ఆ నొప్పిని ముడిపెట్టుకుంటుంది. అది పక్కింటి పాపాయి కావచ్చు. వద్దు.

గోళ్లు కత్తిరించనివ్వదు. ముట్టుకుంటేనే చంపేస్తున్నట్టు అరుస్తుంది.

షీబాలకు ఆ అరుపు పేరుమోసినదే. నలుగురు కలిసి పట్టుకుంటే ఈసారికి పని అవుతుంది, వచ్చేసారి ఎనిమిది మంది కావాలి. ఒకరోజు కాలు ముట్టుకుని ట్రీట్. ఇంకోరోజు కట్టర్ చూపించి ట్రీట్. తర్వాత కట్టర్ గోరుకు తాకించి ట్రీట్. కాలు వెనక్కి తీసుకుంటే వదిలెయ్యండి. "వద్దంటే ఆపుతారు" అని తెలిసిన కుక్క ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. రోజుకు ఒక్క గోరు కత్తిరించినా చాలు.

నోట్లో పట్టుకున్నది వదలదు, గుర్రుమంటుంది.

లాక్కోవద్దు. ఇంకా మంచిది ఇచ్చి మార్చుకోండి, వీలైతే మొదటి వస్తువు కూడా తిరిగి ఇచ్చెయ్యండి. గుర్రుమన్నందుకు కొట్టకండి. అది హెచ్చరిక. హెచ్చరించడం మాన్పిస్తే ఈసారి నేరుగా కరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా మంచి ట్రైనర్‌ని కలవండి.

మంచి ట్రైనర్‌ని ఎలా గుర్తించాలి?

"కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారు?" అని అడగండి. ఆ జవాబులో చాలా తెలుస్తుంది. మీరు పక్కన ఉండి చూడటానికి ఒప్పుకోవాలి. కుక్కను నెల రోజులు తమ దగ్గర ఉంచుకుని పూర్తిగా తయారుచేసి ఇస్తామనేవాళ్ల విషయంలో జాగ్రత్త. ఈ జాతులకు నమ్మకం మనిషిని బట్టి ఉంటుంది. ట్రైనర్ మీద కుదిరింది మీకు బదిలీ అవ్వదు.

పెద్ద కుక్కను దత్తత తీసుకున్నాం. ఇప్పుడు నేర్చుకుంటుందా?

నేర్చుకుంటుంది. మొదటి కొన్ని వారాలు ఏమీ అడగకండి. వేళకు తిండి, వేళకు నడక, దాని మూల దానికి. మీరు ఊహించదగిన మనిషి అని తెలిశాక పైన చెప్పిన చూపు దగ్గర నుంచి మొదలుపెట్టండి.

ఇన్నాళ్లూ బాగా విన్న కుక్క ఉన్నట్టుండి మానేసింది.

ట్రైనింగ్ సంగతి పక్కన పెట్టి ముందు వెట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తుంటి నొప్పి ఉంటే కూర్చోమంటే కూర్చోదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తల దగ్గరికి చెయ్యి రానివ్వదు. వయసు మీద పడితే వినికిడి, చూపు తగ్గుతాయి. కుక్కలు చాలాసార్లు నొప్పిని బయటికి చూపించవు, మనం మొండితనం అనుకుని నెలలు గడిపేస్తాం. వినికిడే తగ్గిందని తేలితే చేతి సైగలతో నేర్పొచ్చు. మీ వైపు చూసే అలవాటు ముందే ఉన్న కుక్కకు అవి తొందరగా వస్తాయి.